బ్యానరు మీద రెండు జెండాలే ఉన్నాయి

(విజయనగరంలో జరిగిన సోవియట్ విద్యాలయాల పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మిత్రులకు నమస్కారం. పేరుపేరునా నమస్కరించడం నా ముందు మాట్లాడిన నలుగురూ పూర్తి చేశారు కాబట్టి నేను ఆ పని మానేస్తున్నాను. శాలువాలు కూడా చివర్లో కప్పుకుందాం. ఉక్క పోస్తోంది.

నాకిచ్చిన అంశం ‘రెండు దేశాల మైత్రి – పూర్వ విద్యార్థుల పాత్ర’. ఏ రెండు దేశాలండీ? నా వెనక బ్యానరు మీద మన జెండా ఉంది, రష్యా జెండా ఉంది. ఈ హాలులో తాష్కెంట్‌లో చదివినవాళ్లున్నారు, మిన్స్క్‌లో చదివినవాళ్లున్నారు, కీవ్‌లో చదివినవాళ్లున్నారు. నేను ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో చదివాను. మేం వెళ్లినప్పుడు అదంతా ఒకే దేశం. 1991 డిసెంబరులో అది పదిహేను దేశాలైంది. పధ్నాలుగింటి జెండాలు మన బ్యానరుకు పట్టలేదు. నిరుడూ అడిగాను, అంతకుముందూ అడిగాను. ప్రింటరు దగ్గర పాత డిజైనే ఉందట.

కుర్రవాళ్లు కొందరు వచ్చారు కాబట్టి పూర్వకథ కొంచెం చెబుతాను. 1971 ఆగస్టు 9న భారత సోవియట్ మైత్రి ఒప్పందం కుదిరింది. అంతకు పదకొండేళ్ల ముందే, 1960లో, మాస్కోలో మనలాంటి దేశాల పిల్లల కోసం ఒక విశ్వవిద్యాలయమే పెట్టారు. మరుసటి ఏడాది దానికి పాట్రిస్ లుముంబా పేరు పెట్టారు. మన ఊళ్లలో భారత సోవియట్ సాంస్కృతిక సంఘం, అదే ఇస్కస్, ఉండేది. ‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చేది. దాని నున్నటి కాగితాలతో మా బడిలో సగం మంది పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లు. నా లెక్కల పుస్తకం మీద ట్రాక్టరు నడిపే ఒక ఆడమనిషి బొమ్మ ఏడాదంతా ఉంది. నేను ఆ దేశం వెళ్లడానికి సిద్ధాంతం కన్నా ఆ ట్రాక్టరే ఎక్కువ కారణం. పార్టీ కోటాలో వెళ్లాడని మా వీధిలో చెప్పుకొన్నవాళ్లు చెప్పుకొన్నారు.

మొదటి ఏడాది అంతా భాషే. ఆ తర్వాత ఇంజనీరింగు. వేసవి సెలవుల్లో విద్యార్థులు జట్లుగా నిర్మాణ పనులకు వెళ్లే ఆనవాయితీ అక్కడ ఉండేది. ఒక వేసవి నేనూ వెళ్లాను. ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పశువుల కొట్టం కట్టాలి. ఇటుకలు అందించడం నా పని. నాతో ఇద్దరు సహాధ్యాయులు ఉండేవాళ్లు. ఒకడిది ఖార్కివే, రెండోవాడిది సరిహద్దుకు అవతల, రష్యాలోని బెల్గొరోద్. రెండు ఊళ్లకూ దూరం ఎనభై కిలోమీటర్లుంటుందేమో, మనకు విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లినట్టే. లోకల్ రైలెక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవాళ్లం. అప్పుడక్కడ సరిహద్దు అంటే పటం మీది గీత.

వాళ్లిద్దరికీ రోజూ తగాదా. తాపీ పట్టుకున్నవాడు బెల్గొరోద్ వాడు, తప్పు పట్టేవాడు ఖార్కివ్ వాడు. దారానికి నట్టు కట్టి గోడ పైనుంచి వేలాడదీసేవాడు. గోడ ఒక పక్కకు వాలిందని వీడు, గాలికి దారం ఊగుతోందని వాడు. ఫోర్‌మన్ వచ్చి మూడు వరసల ఇటుకలు పీకించాడు. మధ్యాహ్నం భోజనానికి ముగ్గురం ఒకే గిన్నె దగ్గర కూర్చున్నాం. ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

తిరిగొచ్చి విశాఖ ఉక్కులో చేరాను. ఆ కర్మాగారానికి సోవియట్ ప్రభుత్వంతో ఒప్పందం 1979లో జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ 1990లో మొదలైంది. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు గారు. అప్పటికి ఒప్పందంలో రెండో సంతకం పెట్టిన దేశమే లేదు. ఫర్నేస్ మాత్రం మండుతూనే ఉంది. అక్కడ నాతో పనిచేసిన సోవియట్ ఇంజనీర్లలో రష్యావాళ్లూ ఉన్నారు, ఉక్రెయిన్‌వాళ్లూ ఉన్నారు. ఎవరు ఏ దేశస్థులయ్యారో వాళ్లకే ఇంకా స్థిరంగా తెలియని రోజులవి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. చూశానండి. ఇంకా అసలు సంగతికి రాలేదు.

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. రెండో రోజో మూడో రోజో పాలకొండ వైపు నుంచి ఒక దంపతులు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల అమ్మాయి ఖార్కివ్‌లో వైద్యం చదువుతోంది. మెట్రో స్టేషనులో నేల మీద పడుకుంటోంది. ఆ తల్లి నా చేతిలో ఫోను పెట్టి, ‘మీరు అక్కడ చదివారట కదా బాబుగారూ’ అంది. అంతే, మరో మాట లేదు.

నా పాత స్నేహితుడికి, అదే దారానికి నట్టు కట్టినవాడికి, ఫోను చేశాను. వాడూ భూగర్భంలోనే ఉన్నాడు, వేరే స్టేషనులో. మార్చి 2న మన రాయబార కార్యాలయం భారతీయులంతా వెంటనే ఖార్కివ్ వదలాలని చెప్పింది. పిసోచిన్, బబాయ్, బెజ్ల్యుదివ్కా, ఈ మూడింట్లో ఎక్కడికైనా సాయంత్రం ఆరింటిలోగా చేరాలి, బండి లేకపోతే నడిచి. ఆ పిల్లలకు ఆ ఊళ్ల పేర్లు కూడా కొత్త. ఏ దారిన వెళ్లాలో, ఏ కూడలి తప్పించాలో మా వాడు ఫోనులో చెబుతూ వచ్చాడు. చివరికి తన పాత లాడా కారు తీసి, పిల్లల సామాన్లూ, కాలు బెణికిన ఒక అమ్మాయినీ ఎక్కించుకుని పిసోచిన్ చేర్చాడు. నా వయసువాడు. తన ఇల్లు ఉంటుందో లేదో తెలియని రోజున.

ఆ రాత్రే బెల్గొరోద్ వాడు నాకు ఫోను చేశాడు. వాళ్లిద్దరికీ మాటల్లేవు. ‘వాడు బతికే ఉన్నాడా?’ అని అడిగాడు. నేను అడిగానని చెప్పకు అన్నాడు. ఖార్కివ్ వాడికి చెప్పేశాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత, ‘ఆ గోడ వంకరే అని వాడికి చెప్పు’ అన్నాడు మావాడు.

మిత్రులారా, ఆ ఏడాది మన సంఘం సమావేశం గుర్తుందా? ఎవరి పక్షాన తీర్మానం చేయాలని రెండు గంటలు కొట్టుకున్నాం. పోలండ్‌లోనో రొమేనియాలోనో తెలిసినవాళ్ల నంబర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా అని నేను లేచి అడిగితే, అది అజెండాలో లేదన్నారు. మన సంఘం రిజిస్టరులో ఏ సభకు ఏ ముఖ్య అతిథి వచ్చాడో, ఏ బొకే ఎంతయిందో ఉంది. ఒక్క సహాధ్యాయి చిరునామా లేదు. ముప్పై ఏళ్ల సంఘం ఇది!

ఇప్పుడు మన రెండు జిల్లాల పిల్లలు వైద్యం చదవడానికి కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, జార్జియా వెళ్తున్నారు. అంటే మనం వెళ్లిన ఆ పాత దేశానికే. మనల్ని ప్రభుత్వం పంపింది, స్టైపెండ్ ఇచ్చింది. వీళ్లను పొలం అమ్మి పంపుతున్నారు. మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం అక్కడి కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఆంగ్లంలో జరగాలి, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్పు చేయాలి. ఇవి లేకపోతే ఇక్కడ ప్రాక్టీసుకు పనికిరాదు. ఈ ముక్క ఎంతమంది ఏజెంట్లు తల్లిదండ్రులకు చెబుతున్నారు? 2024 మే నెలలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కేక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద మూకలు పడ్డాయి. ఆ రాత్రి మన పిల్లలు బిష్కేక్‌లో ఏ ఇంటి తలుపు తట్టాలి? అక్కడ చదివి వచ్చినవాళ్లు ఈ హాలులోనే ఉన్నారు కదా, మూడో వరుసలో ఇద్దరు కనిపిస్తున్నారు. మీ పాత మాస్టారు కూతురు ఎక్కడుందో, మీ గదిలో ఉన్నవాడు ఏం చేస్తున్నాడో కనుక్కోండి. రాయబారులు మారిపోతారు, గదిలో ఉన్నవాడు మారడు.

రెండో చీటీ కూడా వచ్చింది. సరే. వెనక బల్ల మీద కొత్త రిజిస్టరు పెట్టించాను, సంఘం డబ్బుతో కాదు, నా డబ్బుతో. మొదటి పేజీలో నా స్నేహితులిద్దరి నంబర్లూ రాశాను, వాళ్ల అనుమతితోనే. భోజనానికి వెళ్లేముందు ప్రతి ఒక్కరూ ఒక్క పేరైనా, ఊరూ ఫోను నంబరుతో సహా రాయండి. నంబరు లేనివాళ్లు ఈ రాత్రికి సంపాదించి రేపు నాకు చెప్పండి. కార్యదర్శిగారూ, బ్యానరు ఖర్చు ఈసారి నేను భరిస్తాను, ప్రింటరు పేరు నాకివ్వండి.