మన చేతి నుంచి తర్వాతి చేతికి

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ కాలనీలోనైనా పొద్దున పూట చెత్త ఆటో వస్తుంది. పాట వినపడగానే ఇంట్లోంచి ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని గబగబా గేటు దాకా వెళ్తారు, ఆటో దగ్గరున్న మనిషికి అందిస్తారు, ఖాళీ డబ్బా తీసుకుని వెనక్కి వచ్చేస్తారు. మనకు ఆ చెత్తతో సంబంధం అక్కడితో తీరిపోయింది. ఆ మనిషికి మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది. చాలాసార్లు చేతికి గ్లౌజులు కూడా ఉండవు. మనం ఇచ్చిన దాంట్లోంచి అట్టముక్కలు ఒక సంచిలోకి, నీళ్ళ సీసాలు ఇంకో సంచిలోకి ఏరుతుంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే ఆటో మీద పనిచేయడం మన నగరంలో మామూలే. ఇళ్ళవాళ్ళు నెలనెలా ఇచ్చే డబ్బులకు తోడు, ఈ ఏరిన సామాను అమ్మితే వచ్చే నాలుగు రూపాయలు కూడా వాళ్ళ రాబడిలో భాగమే.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ చేతుల గురించి. పర్యావరణం అనగానే మనకు పెద్ద పెద్ద సమస్యలు గుర్తొస్తాయి. దానం అనగానే పెద్ద మొత్తాలు గుర్తొస్తాయి. రెండూ మనవల్ల అయ్యేవి కావులే అనుకుని ఊరుకుంటాం. ఇంట్లో ఏది వాడినా, ఏది పారేసినా, మన తర్వాత ఇది ఎవరి చేతికి వెళ్తుంది అని మనల్ని మనం అడగడం అలవాటైతే, పొదుపూ దానమూ రెండూ అందులోనే జరిగిపోతాయని నా గట్టి నమ్మకం.

తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా మనకు కొత్త కాదు. అయినా చాలా ఇళ్ళలో "ఎలాగూ ఆటోలో అన్నీ కలిపేస్తారు కదా" అనే మాట వినిపిస్తుంది. కొన్నిచోట్ల కలిపేస్తారన్నది నిజమే. కానీ కలిసే లోపే ఏరేవాళ్ళు పొడి సామాను పక్కకు తీసుకుంటారు. సాంబారులో నానిన అట్టపెట్టెను పాత సామాన్ల దుకాణంలో ఎవరూ కొనరు. అదే అట్ట పొడిగా ఉంటే కిలోల లెక్కన డబ్బు. మన ఇంట్లో విడదీసినందుకు ఫలితం ఆ పూటే వాళ్ళ చేతికి అందుతుంది.

ఇంటి చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. దాన్ని పాలిథిన్ కవర్లో మూటకట్టి పంపిస్తే, గుట్టల కింద గాలి ఆడక కుళ్ళి మీథేన్ వాయువు పుడుతుంది, దాంట్లోంచి కారే నల్లటి నీరు భూమిలోకి దిగుతుంది. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల కాలనీలవాళ్ళు ఆ వాసన గురించి, పాడైపోయిన బోరు నీళ్ళ గురించి ఏళ్ళ తరబడి మొర పెట్టుకుంటూనే ఉన్నారు. కూరగాయల తొక్కలు, టీ పొడి, రాలిన పూలు ఒక మట్టి కుండలో వేసి, పైన ఎండుటాకులు చల్లుతూ పోతే రెండు మూడు నెలల్లో ఎరువు అవుతుంది. బాల్కనీలో నాలుగు కుండీలున్న ఇంటికి అంతకంటే ఏం కావాలి?

ఇక పాల ప్యాకెట్ సంగతి చూడండి. కత్తెరతో మూల కత్తిరించి, ఆ చిన్న ముక్కను సింకు పక్కన పడేస్తాం. గోరంత ముక్కను ఎవరు ఏరగలరు? అది తూములోకో, నాలాలోకో పోతుంది. మూల పూర్తిగా తెగిపోకుండా, ప్యాకెట్‌కే అంటుకుని ఉండేలా కోస్తే సరిపోతుంది. ఖాళీ అయ్యాక కాసిన్ని నీళ్ళు పోసి కదిపి, ఆ నీళ్ళు మొక్కకు పోసి, ప్యాకెట్‌ను కిటికీ ఊచ మీద ఆరేయండి. వాసన రాదు, చీమలు పట్టవు, ఏరేవాళ్ళకు శుభ్రంగా అందుతుంది.

గాజు సంగతి ఇంకా ముఖ్యం. గ్లాసు పగిలితే మనం ఎంతో జాగ్రత్తగా చీపురుతో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వం. ఆ ముక్కలనే తీసుకెళ్ళి మామూలు చెత్తలో కలిపేస్తాం. మన పిల్లల కాళ్ళకు తగలకూడదనుకున్న గాజు ఇంకొకరి అరచేతిలో దిగుతుంది. చెయ్యి తెగితే టెటనస్ ఇంజెక్షన్, కట్టు, రెండు మూడు రోజుల కూలి పోవడం. గాజు ముక్కలను నాలుగైదు మడతల పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పైన ఎర్ర స్కెచ్‌పెన్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేయండి. "గాజు" అని రాసినా మంచిదే, కానీ చదువు రానివాళ్ళు, మన భాష రానివాళ్ళు కూడా ఆ పనిలో ఉంటారు. ఎర్ర గుర్తు అందరికీ అర్థమవుతుంది. చేతికిచ్చేటప్పుడు "అన్నా, ఇందులో గాజు ఉంది, జాగ్రత్త" అని నోటితో చెప్తే ఇంకా మంచిది. బ్లేడ్లు, ఇన్సులిన్ సూదులు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి.

నీళ్ళ దగ్గరికి వస్తే ఈ తర్వాతి చెయ్యి మన పక్కింటివాళ్ళదే. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ నగరాన్ని ముంచేసింది. మళ్ళీ అలాంటిది రాకుండా ఏం చేయాలో చెప్పడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ చెరువులే తర్వాతి తరాలకు తాగునీళ్ళు ఇచ్చాయి. నగరం పెరిగిపోయాక అవి చాలక, ఇప్పుడు నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్ళు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లు దాటి, దారిపొడవునా పంపులతో ఎత్తిపోస్తేనే మన నల్లాకు చేరుతున్నాయి. 2021 నుంచి నెలకు 20 వేల లీటర్ల దాకా ఇళ్ళకు ఉచితంగా ఇస్తున్నారు. మనకు బిల్లు రాకపోయినా, ఆ నీళ్ళను ఎత్తడానికి కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది.

అలాంటి నీళ్ళు వదిలిన గంటలో కొందరు నల్లా పైపుకే నేరుగా మోటారు బిగించి లాగుతారు. దీన్ని నేను గట్టిగానే తప్పు పడతాను. ఆ లైను చివర ఉన్న ఇళ్ళకు సన్నటి ధార కూడా రాదు, బిందెలు వరసగా పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంటారు. పైగా, మోటారు లాగే జోరుకు పైపులో ఎక్కడైనా పగులుంటే బయటి మురుగు లోపలికి వచ్చేస్తుంది. ఆ నీళ్ళు మోటారు పెట్టినవాళ్ళ ఇంటికే ముందు వెళ్తాయి. సంపు కట్టుకుని, నీళ్ళు వాటంతట అవి దాంట్లోకి దిగాక, అక్కడి నుంచి పైకి ఎక్కించుకోవాలి. ఎక్కించేటప్పుడు ట్యాంకు పొంగిపోకుండా చూసుకోవాలి. టెన్షన్ లేకుండా ఉండాలంటే అలారమో, దానంతట అదే ఆగే స్విచ్చో పెట్టించుకోవచ్చు.

కారుతున్న నల్లా గురించి ఒక లెక్క చెప్తాను. సెకనుకు ఒక చుక్క పడితే రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. అంటే మనం డబ్బులిచ్చి కొనే వాటర్ క్యాన్ ఒకటి రోజూ పారబోసినట్టే. లోపల వాషర్ మార్చితే ఆగిపోయే కారుడు అది. ఆర్వో మిషను కూడా లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ పైపు కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి రోజూ మొక్కలకు పోయకండి, ఇల్లు తుడవడానికి, బాత్రూములు కడగడానికి వాడండి.

వానాకాలం ముందు ఇంకుడు గుంతను ఒకసారి చూడమని కూడా అడుగుతున్నాను. కట్టించేటప్పుడు ఉన్న శ్రద్ధ తర్వాత ఉండదు. ఇసుక మీద పూడిక పేరుకుంటే చుక్క కూడా లోపలికి దిగదు. మే నెలలో పైన ఉన్న ఇసుక తీసి, కంకర కడిగి మళ్ళీ పేర్చితే జూన్ వానలకు గుంత పనిచేస్తుంది. మన గుంతలో ఇంకిన నీరు మన బోరులోకే రావాలని ఏమీ లేదు. రెండిళ్ళ అవతలి బోరులో ఊరవచ్చు. అయినా చేయాల్సిందే, ఎందుకంటే మన బోరులో ఊరేది కూడా ఎవరి వాకిట్లోనో ఇంకిన నీరే కదా.

అన్నం విషయంలో మనవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, పెట్టే గుణం ఈ నగరానికి మొదటి నుంచీ ఉంది. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి ఆకలిగా వచ్చినవాళ్ళకు భోజనం పెడుతున్నారు, మతమేమిటి, ఊరేమిటి అని అడగరు. మన ఇళ్ళలో జరిగే పొరపాటు ఒక్కటే: మిగిలాక ఇద్దాంలే అనుకోవడం. మధ్యాహ్నం వండిన బిర్యానీ సాయంత్రం దాకా బయటే ఉండి, మనకే తినబుద్ధి కానప్పుడు వాచ్‌మన్‌కు ఇస్తే అది పెట్టడం కాదు. వండిన అన్నం, మాంసం మన ఎండలకు కొద్ది గంటల్లోనే పాడవడం మొదలవుతాయి. ఇవ్వాలనుకుంటే గిన్నె దించగానే, ఎవరూ చెయ్యి పెట్టకముందే, ఒక డబ్బాలోకి తీసి పక్కన పెట్టండి. వాళ్ళింటి పిల్లలు కూడా వేడివేడిగా తింటారు.

బట్టలకూ ఇదే మాట. ఉతికి, ఊడిన గుండీ కుట్టి, జిప్పు పడుతుందో లేదో చూసి, మడత పెట్టి ఇవ్వాలి. చిరిగినవి, మాసినవి ఇవ్వకూడదు. బాగా పాతబడిన నూలు చీరలుంటే బొంత కుట్టించుకోవచ్చు.

చలివేంద్రాల గురించి ఒక విన్నపం. ఏప్రిల్‌లో ఫ్లెక్సీ కట్టి, రంజన్లు, అంటే పెద్ద మట్టి కుండలు, పెట్టి మొదలుపెట్టినవి కొన్నిచోట్ల వారం తిరిగేసరికి ఎండిపోయి కనిపిస్తాయి. కాలనీ అంతటికీ పెట్టలేకపోతే మీ గేటు పక్కన, చెట్టు నీడలో ఒక్క కుండ పెట్టండి. రోజూ పొద్దున కడిగి, మూత వేసి, పొడుగు కాడ ఉన్న గరిటె పెడితే ఎవరూ చెయ్యి ముంచరు. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ నింపడం మరవకూడదు, డెలివరీ అబ్బాయిలు, తోపుడు బండ్లవాళ్ళు దాహంతో వచ్చేది అప్పుడే.

ఎండాకాలంలోనే కొరత వచ్చేది ఇంకోటి ఉంది, రక్తం. కాలేజీలకు సెలవులు రాగానే శిబిరాలు తగ్గిపోతాయి. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త వ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం సెలవులు ఉండవు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించుకోవాల్సిందే. వాళ్ళ కోసం 1998 నుంచి మన నగరంలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల పైన బరువు ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఇవ్వవచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. పుట్టినరోజు దాకా ఆగకుండా ఏప్రిల్, మే నెలల్లో ఒక తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

చివరిగా కాగితం కప్పు మాట. పేరుకు కాగితమే కానీ లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి నీళ్ళు పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. తాగాక ఆ కప్పును పాత సామాన్లవాళ్ళు కూడా ముట్టుకోరు. మన ఇరానీ హోటళ్ళలో పింగాణీ కప్పూ సాసరూ ఇన్ని దశాబ్దాలుగా కడిగి వాడుతూనే ఉన్నారు కదా. సిద్దిపేట జిల్లాలో స్వయం సహాయక సంఘాల మహిళలు స్టీల్ బ్యాంకులు నడుపుతున్నారు. పెళ్ళికో, పేరంటానికో కంచాలు, గ్లాసులు, గిన్నెలు అద్దెకు తెచ్చుకుని, వాడుకుని తిరిగి ఇచ్చేస్తారు. ఇదే పని అపార్టుమెంటుకు ఒకటిగా హైదరాబాద్‌లో చేసుకోవచ్చు. తలా కొంచెం వేసుకుంటే ఒక బీరువాకు సరిపడా స్టీలు సామాను వస్తుంది, సత్యనారాయణ వ్రతమైనా, ఇఫ్తార్ అయినా అదే బయటికి తీయవచ్చు. వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తండి. కడిగే మనిషికి ఒక్కో ఫంక్షన్‌కు ఎంత ఇవ్వాలో కూడా ఆ రోజే అందరూ కలిసి తేల్చుకోండి, తర్వాత బేరాలు పెట్టకండి.

సెలవు. నమస్కారం.