ఫాల్స్ సీలింగ్ చానళ్లు: బోర్డు ఎక్కకముందే కొలిచి చూడండి

నమస్తే అండి. ఫాల్స్ సీలింగ్ అనగానే డిజైన్ చూస్తాం, లైట్లు చూస్తాం, బోర్డు ఏ కంపెనీదో అడుగుతాం. ఆ బోర్డును మోసే చానల్ ఊసు మాత్రం ఎత్తం. పదికి పన్నెండు గదిలో 12.5 ఎంఎం జిప్సమ్ బోర్డే దాదాపు 90 కిలోలుంటుంది. అదంతా ఈ పల్చటి జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుప రేకు) మీదే వేలాడాలి.

ఇదిగో, ఇది సీలింగ్ సెక్షన్. బోర్డు స్క్రూలు దిగేది దీనిలోకే. రెండు షాపుల్లో రెండు కొన్నాను. రెండూ 0.5 ఎంఎం అనే ఇచ్చారు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో వాడామే, ఆ స్క్రూ గేజ్‌తో కొలుద్దాం. మొదటిది 0.5, సరిగ్గా ఉంది. రెండోది... 0.34. అంటే మూడో వంతు ఇనుము లేనట్టే! బొటనవేలితో అంచు నొక్కుతున్నా, చూడండి, లోపలికి పోతోంది. రేకు ఇంత పల్చనైతే స్క్రూ బిగుసుకోదు, అక్కడే తిరుగుతుంది. కొన్నాళ్లకు బోర్డు కిందికి దిగి, జాయింట్ల దగ్గర పగుళ్లొస్తాయి. మా హాల్లో ఇదే జరిగింది. మొత్తం విప్పించి మళ్లీ చేయించాం, అందుకే ఇంతగా చెబుతున్నాను.

ఈ సెక్షన్లను మోసే ఇంటర్మీడియట్ చానల్ ఇంకా మందం, 0.9 ఎంఎం ఉండాలి. అది నాలుగడుగులకొకటి. దాని కింద సెక్షన్లు అడుగున్నరకొకటి, అంటే 457 ఎంఎం. కొందరు రెండడుగులకు లాగేస్తారు. టేపు పెట్టి మీరే చూసుకోండి. గోడ చుట్టూ వచ్చే పెరిమీటర్ చానల్‌కు రెండడుగులకో స్క్రూ పడితే చాలు.

అసలు బరువంతా చేరేది స్లాబుకు. అక్కడ క్లీట్‌ను, అంటే చానళ్లను వేలాడదీసే చిన్న ఇనుప ముక్కను, రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే ఎక్స్‌పాన్షన్ ఫాస్ట్‌నర్‌తోనే బిగించాలి. రంధ్రంలో చెక్క ముక్క కొట్టి స్క్రూ దింపుతామంటే ఒప్పుకోకండి. చెక్క ఎండి కుదించుకుపోతే పట్టు వదిలేస్తుంది.

చానళ్లను వానలో కట్టలుగా పడేయనివ్వకండి. నీళ్లు మధ్యలో నిలిచి జింకు పూత తెల్లటి పొడిగా లేస్తుంది. ఫ్యాను మాత్రం ఈ చానళ్లకు వద్దే వద్దు, స్లాబులోని హుక్కుకే తగిలించాలి.

బోర్డు ఎక్కించే ముందు రోజు నిచ్చెనెక్కి, టేపు కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు కొత్త లైటుకు రంధ్రం వేయాల్సి వస్తే, చానల్ ఎక్కడుందో ఆ ఫొటోలోనే దొరుకుతుంది.