మాల వేసిన మూడో రాత్రి

(కార్తీక మాసానికి ముందు గురుస్వాములతో, దీక్ష తీసుకోబోయేవారి కుటుంబాలతో జరిగిన సమావేశంలో ఒక ప్రభుత్వ మానసిక వైద్యుడు చేసిన ప్రసంగం)

గురుస్వాములకు, అమ్మలకు, ఈ ఏడు మాల వేసుకుందామని అనుకుంటున్న తమ్ముళ్లకు నమస్కారం.

కార్తీకం మొదలైన వారానికల్లా మా వార్డులో మంచాలు చాలవు. వచ్చేవాళ్లు చాలామంది నల్ల బట్టల్లోనే ఉంటారు, మెడలో మాల కూడా తియ్యరు. వాళ్లు తాగి పడిపోయి వచ్చినవాళ్లు కాదు. తాగుడు మానేసి వచ్చినవాళ్లు. ఈ సంగతి మాట్లాడదామనే గురుస్వాములను నేనే కోరి పిలిపించాను.

ముందే ఒక మాట చెప్పాలి. దీక్షను తక్కువ చేయడానికి నేను రాలేదు. నేను నెలల తరబడి చెప్పినా వినని మనిషి, మెడలో మాల పడ్డాక సీసా వంక చూడడు. అంత బలం నా మందుల చీటీకి లేదు. మండలం రోజులు, అంటే 41 రోజులు, నేల మీద పడుకుని, చన్నీళ్ల స్నానం చేసి, ఒక్క పూట భిక్షతో గడిపే మనిషికి పట్టుదల లేదని ఎవరంటారు? నా బాధల్లా మొదటి నాలుగు రోజుల గురించే. ఆ నాలుగు రోజుల్లో ఒంట్లో జరిగేదానికి పట్టుదలతో పని లేదు.

ఈ మాట అందరికీ వర్తించదు. ఆదివారం స్నేహితులతో రెండు బీర్లు తాగేవాళ్లు నిశ్చింతగా మాల వేసుకోవచ్చు, వాళ్లకు మహా అయితే రెండు రోజులు చిరాకుగా ఉంటుంది. నేను చెప్పేది రోజూ తాగేవాళ్ల గురించి. ఒక క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది. లెక్క వేస్తే ఒక్క క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. అలాంటివి రోజుకు రెండు, ఏళ్ల తరబడి తాగే మనిషి ఒక్క రోజులో ఆపేస్తే ఏమవుతుందన్నదే ఇవాళ్టి విషయం. ఇంకా తేలిగ్గా గుర్తుపట్టాలంటే, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, ఒక నైంటీ పడ్డాక ఆ వణుకు ఆగిపోతుంటే, మీ ఇంట్లో ఉన్నది ఆ మనిషే. బెల్టు షాపు తలుపు తెల్లవారకముందే ఎవరు కొడతారో మీ అందరికీ తెలుసు.

ఎందుకు వణుకు? తాడు లాగే ఆట చూశారు కదా. మద్యం మెదడును మత్తు వైపు లాగుతుంది. రోజూ లాగుతుంటే మెదడు చూస్తూ ఊరుకోదు, అంతే బలంతో అవతలి వైపు, మెలకువ వైపు, లాగడం నేర్చుకుంటుంది. రెండు పక్కలా సమానంగా లాగుతున్నంత కాలం మనిషి మామూలుగానే కనిపిస్తాడు. రెండు క్వార్టర్లు తాగి కూడా తిన్నగా నడుస్తాడు, లారీ కూడా నడిపేస్తాడు. హఠాత్తుగా ఒక పక్కవాళ్లు తాడు వదిలేశారనుకోండి, రెండో పక్కవాళ్లు వెల్లకిలా పడతారు. మెదడులో గాబా అనే రసాయనం శాంతపరిచేది, గ్లూటమేట్ అనేది రెచ్చగొట్టేది. మద్యం ఆగిపోగానే గాబా పక్క బలహీనపడుతుంది, గ్లూటమేట్‌ను ఆపేవాడు ఉండడు. గుండె దడ, చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ అన్నీ దాంతోనే వస్తాయి.

ఇప్పుడు గంటలు లెక్కపెడదాం. రేపటి నుంచి ఎలాగూ లేదు కదా అని ముందురోజు రాత్రి అందరూ ఇంకాస్త ఎక్కువే తాగుతారు. ఆఖరి పెగ్గు రాత్రి పదకొండుకు అనుకుందాం. తెల్లవారుజామున ఐదింటికి చన్నీళ్ల స్నానం, మాలధారణ. అప్పటికి ఆరు గంటలు అయింది. సరిగ్గా వణుకు మొదలయ్యే వేళ అది. చలికి వణుకుతున్నాడు అనుకుంటారు అందరూ, అతనూ అలాగే అనుకుంటాడు. మధ్యాహ్నం భిక్షకు కూర్చుంటే రెండు ముద్దలకే కడుపులో తిప్పుతుంది, కక్కేస్తాడు. సాయంత్రం భజనలో చెమటతో చొక్కా తడిసిపోతుంది. రాత్రి కన్ను మూత పడదు. ఎక్కువమందికి ఇంతటితోనే, రెండు మూడు రోజుల్లో నెమ్మదిస్తుంది. కొందరికి మాత్రం రెండో రోజు రాత్రిలోపు, అంటే 48 గంటల్లోపు, ఫిట్స్ వస్తాయి. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఫిట్స్ రాని మనిషికి కూడా. నేల మీద పడి కొట్టుకుంటుంటే చేతిలో తాళాలు పెట్టడం మన అలవాటు. ఆ తాళాలు పక్కన పెట్టండి. తల కింద కండువా పెట్టి, పక్కకు ఒరిగించి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి.

అసలు ప్రమాదం మూడో రాత్రిది. మానేసినవాళ్లలో వందకు ముగ్గురు నుంచి ఐదుగురికి వస్తుంది. దానిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వార్డులో మేము డీటీ అంటాం.

అది ఎలా ఉంటుందో మీరు చూసి ఉంటారు, పేరు తెలియకపోవచ్చు. దుప్పటి మీద లేని చీమలను ఒక్కొక్కటే ఏరి కింద పడేస్తుంటాడు. ఆటో నడిపే అతను మంచం మీద కూర్చుని రెండు చేతులతో హ్యాండిల్ తిప్పుతూ, పక్క మంచం మీద పడుకున్న ముసలాయనను "ఎక్కడ దిగాలి పెద్దాయనా?" అని అడుగుతుంటాడు. మేస్త్రీ అయితే గాల్లో ఇటుక మీద ఇటుక పేర్చి, తాపీతో గీకి, లెవెల్ కూడా చూసుకుంటాడు. మనిషి మరిచిపోయినా చేతులు పనిని మరిచిపోవు. ఊరి పేరు, రోజు, పక్కన నిలబడ్డ భార్య ఎవరో తెలియదు. మేము ఒక పాత పద్ధతి వాడతాం. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఖాళీ చేతులు చాచి, "ఈ దారం పట్టుకో" అంటాం. పట్టుకుంటాడు. రంగేమిటి అంటే తెల్లది అని చెప్తాడు. ఆ పక్కనే కూర్చున్న అతని తల్లి ముఖం నేను చూడలేను.

ఇదంతా దీక్షలో ఉన్న మనిషికి జరిగితే ఇంట్లో ఏమనుకుంటారో ఆలోచించండి. ఒకరు స్వామి ఒంటి మీదికి వచ్చాడంటారు. ఇంకొకరు నియమం తప్పాడు, అపచారం జరిగింది, అందుకే శిక్ష అంటారు. పూజ గదిలో కూర్చోబెట్టి కర్పూరం వెలిగిస్తారు, లేదా తాళ్లతో మంచానికి కట్టేస్తారు. అప్పటికే నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయి ఉంటుంది, జ్వరం పెరుగుతుంటుంది, గుండె నిమిషానికి నూట ఇరవై, నూట నలభై సార్లు కొట్టుకుంటుంటుంది. కట్లు తెంచుకోవడానికి పెనుగులాడితే అది ఇంకా పెరుగుతుంది. వైద్యం లేని రోజుల్లో డీటీ వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒకరు పోయేవారు. ఇప్పుడు సమయానికి ఆస్పత్రికి తెస్తే వందలో ఐదుగురి కంటే తక్కువ. తేడా అంతా ఎవరు ఏ గంటకు తెచ్చారు అన్నదే. గురుస్వాములూ, ఆ గంటలో ఇంటివాళ్లు ముందు ఫోన్ చేసేది మీకే. "నా దగ్గరికి కాదు, ఆస్పత్రికి తీసుకెళ్లండి" అని మీరు ఒక్క మాట అంటే, అది నా ప్రసంగాలన్నిటి కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇది మానేయడం వల్లే వస్తుందని వైద్యులకు తేలడానికి కూడా చాలా కాలం పట్టింది. విషం ఎక్కి వస్తుందని కొందరు, తిండి లేక వస్తుందని కొందరు వాదించుకునేవారు. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కొందరు ఖైదీలకు మంచి తిండీ విటమిన్లూ పెడుతూనే 48 నుంచి 87 రోజుల పాటు మద్యం తాగించి, ఒక్కసారిగా ఆపేసి చూశారు. వణుకు, ఫిట్స్, డెలీరియం వచ్చాయి. వాళ్ల ఇష్టంతోనే చేశామన్నారు. జైల్లో ఉన్నవాడి ఇష్టం ఎంతటిదో మీకు తెలుసు, ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు. కానీ వాదన అక్కడితో తేలిపోయింది.

మనమైతే ఆ ప్రయోగం 2020లో వద్దన్నా చూశాం. మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు రాత్రికి రాత్రి మూస్తే, రెండు మూడు రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు జనం బారులు తీరారు. అందులో కల్లు తాగేవాళ్లు కూడా చాలామంది. చెట్టు కల్లు వేరు, దుకాణంలో కలిపే కల్లు వేరు. అందులో అల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఆ కల్లు మానేసినవాడు మద్యాన్నీ నిద్రమాత్రలనూ ఒకేసారి మానేసినట్టు. అదే ఏడాది జూలై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లను తాగుబోతులు అని ఒక్క మాటతో తీసేసినవాళ్లను అప్పుడు చాలామందిని విన్నాను.

ఇంకో విషయం, ఇది ముఖ్యంగా ఏటా మాల వేసేవాళ్లకు. మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ కార్తీకానికి ఆపేసి, ఇలా తిరుగుతుంటే మెదడు ప్రతిసారీ ఇంకాస్త తొందరగా మండుతుంది. మొదటి ఏడు వణుకుతో పోయిందే, నాలుగో ఏడు ఫిట్స్‌గా రావచ్చు. "పోయినసారి ఏమీ కాలేదు సార్" అనే మాట నన్ను నెమ్మదింపజేయదు. పైగా 41 రోజులు ముట్టని ఒంటికి పాత లెక్క పనికిరాదు. శబరిమల నుంచి దిగి పాత రెండు క్వార్టర్లు ఒక్క రాత్రే తాగితే అదే ప్రాణం మీదికి తేవచ్చు.

మరి ఏం చేయాలి? వైద్యం పెద్దదేమీ కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే మాత్ర మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, ఐదు నుంచి ఏడు రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తాం. కాలేయం బాగా చెడినవాళ్లకు లోరాజెపాం ఇస్తాం. బీ1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తాం. ఇక్కడ ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ తమ్ముళ్లకు ఒక విన్నపం. నీరసంగా ఉన్నాడని గ్లూకోజ్ సెలైన్ ఎక్కించేస్తారు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో బీ1 అడుగంటి ఉంటుంది. ముందు బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి, చూపు నిలవక, అడుగు తడబడి, జ్ఞాపకం శాశ్వతంగా పోయే జబ్బు రావచ్చు. ముందు బీ1, తర్వాతే గ్లూకోజ్. మెడికల్ షాపులో అల్ప్రజోలం కొని ఇంట్లో వేసే పని కూడా వద్దు. అది ఒక అలవాటు తీసి ఇంకో అలవాటు పెట్టడం. మాత్రల మీద మళ్లీ తాగితే ఊపిరి ఆగిపోవచ్చు. కూరలో తెలియకుండా కలిపే పొడులు ఎవరైనా అమ్మితే అసలే తీసుకోకండి. వాటిలో మద్యంతో పడని డైసల్ఫిరాం అనే మందు ఉంటే, అది తెలియక మద్యం తాగినవాడికి బీపీ పడిపోతుంది.

ఇక మీలో కొందరికి నచ్చని మాట. రోజూ తాగే మనిషి ఆస్పత్రికి రాకుండా సొంతంగా ఒక్క రోజులో ఆపేయొద్దు. అవును, వైద్యుడినై ఉండి ఈ మాట అంటున్నాను. మాల వేసే రోజుకు కనీసం పది రోజుల ముందు రండి. ఆ రోజు నుంచి మేమే ఆపిస్తాం. మాల పడే ఉదయానికి వణుకు ఉండదు, చన్నీళ్లు భయపెట్టవు, భిక్ష కడుపులో నిలుస్తుంది. నిద్ర మాత్రం ఇంకొన్ని వారాలు సరిగా పట్టదు, దానికి కంగారు పడొద్దు. ఇంకా మాత్రలు వాడుతుండగానే మాల వేయాల్సి వస్తే, అది నియమభంగం కాదని గురుస్వామి తన నోటితో చెప్పాలి. నేను చెబితే నమ్మరు.

ఇంకో చోటు కూడా గుర్తుపెట్టుకోండి, అది మా పక్క వార్డు. బండి మీద నుంచి పడి కాలు విరిగిన మనిషి మూడో రోజు కట్టు పీకేసి లేచి పరుగెడతాడు. ఎముకల డాక్టరు నాకు ఫోన్ చేస్తారు. ఆస్పత్రిలో చేరిన రోజే అతని తాగుడూ ఆగిపోయింది కదా. ఇంటివాళ్లను అడిగితే, చేరేటప్పుడు తాగుతాడా అన్న ప్రశ్నకు లేదని చెప్పామంటారు. పక్కన వియ్యపురాలు నిలబడి ఉందట. ఆ సిగ్గు నాకు అర్థమవుతుంది. వియ్యపురాలి ముందు చెప్పలేకపోతే నర్సమ్మను పక్కకు పిలిచి చెప్పండి, సరిపోతుంది.

రాత్రిపూట ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులోనే మాట్లాడతారు. వచ్చేటప్పుడు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకురండి. రోజుకు ఎంత తాగుతాడు, ఆఖరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు తాగాడు, ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ జరిగిందా, ఇంకేం మాత్రలు వాడుతున్నాడు. కల్లు అయితే ఏ దుకాణం కల్లో కూడా. పేరు బయట పెట్టం. ఇక మీ ప్రశ్నలు అడగండి, వెనక వరసలో కూర్చున్న అమ్మలతో మొదలుపెడదాం.