తిరిగొచ్చిన లంచ్ బాక్స్, అమీర్‌పేట్‌లో సాయంత్రం ఆరు: ఏడీహెచ్‌డీ మాత్రల గురించి అక్కతో

(మల్కాజ్‌గిరిలో అక్క వాళ్లింట్లో రికార్డ్ చేసిన ఎపిసోడ్. వెనక ఫ్యాన్ చప్పుడు, మధ్యలో ఒకసారి కుక్కర్ విజిల్ వినిపిస్తాయి.)

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ రోజు నా పక్కన మా అక్క కూర్చుంది. తొమ్మిదేళ్ల మా మేనల్లుడికి రెండేళ్ల కిందట ఏడీహెచ్‌డీ అని తేలింది, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి ఇబ్బంది. వాడి రిపోర్టు చదువుతుంటే నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డే చదువుతున్నట్టు అనిపించి నేనూ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. అప్పటికి నాకు 31 ఏళ్లు. వాడిది మేనమామ పోలిక అని పుట్టినప్పటి నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. ఇది కుటుంబాల్లో బాగా కనిపించే విషయమేనని డాక్టర్ కూడా చెప్పారు. ఇప్పుడు ఇద్దరమూ మాత్రలు వేసుకుంటున్నాం, ఇద్దరికీ పనిచేస్తున్నాయి. ఈ రోజు మాట్లాడేది వాటితో పాటు వచ్చిన ఇబ్బందుల గురించి. మేం డాక్టర్లం కాదు. మీ డోసు మార్చాల్సింది మీ డాక్టరే. అక్కా, లంచ్ బాక్స్‌తో మొదలుపెడదామా?

అక్క: దాంతోనే కదరా మొదలైంది. టాబ్లెట్ మొదలుపెట్టిన మొదటి వారం. నాలుగున్నరకు స్కూల్ బస్ దిగాడు. డబ్బా మూత తీస్తే పులిహోర పొద్దున నేను చెంచాతో అదిమి పెట్టినట్టే ఉంది. అంచులు ఎండిపోయాయి. పైన వేసిన పల్లీలు మాత్రం ఏరుకుని తిన్నాడు. పులిహోర నచ్చలేదేమో అనుకున్నా. మర్నాడు ఆలుగడ్డ వేపుడు పెట్టా, వాడికి ప్రాణం. అది కూడా అలాగే తిరిగొచ్చింది.

తమ్ముడు: బరువు ఎప్పుడు చూశారు?

అక్క: రెండు నెలలకు. 26 కిలోలు ఉన్నవాడు 24న్నరకు దిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చేతులతో నేనే బిడ్డకు తిండి మాన్పించానా అనిపించింది. డాక్టర్ గారు ఒకటే అడిగారు: టాబ్లెట్ ఎన్నింటికి ఇస్తున్నారు, టిఫిన్ ఎన్నింటికి పెడుతున్నారు? నేను ఆరున్నరకు లేపగానే టాబ్లెట్ ఇచ్చి, స్నానం అయ్యాక ఏడున్నరకు టిఫిన్ పెడుతున్నా. అప్పటికే ఆకలి చచ్చిపోతోంది.

తమ్ముడు: వింటున్నవాళ్ల కోసం చెప్తాను. మా ఇద్దరిదీ మిథైల్ ఫెనిడేట్. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు కాస్త ఎక్కువసేపు అందుబాటులో ఉండేలా చేస్తుంది. శ్రద్ధ నిలిచేది అందువల్లే, ఆకలి అణిగేదీ అందువల్లే. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యేవి ఎనిమిది గంటలు, కొన్ని పది, పన్నెండు గంటల దాకా పనిచేస్తాయి. ఆ నెమ్మదివాటిని పిల్లలు మింగలేకపోతున్నారని నూరి ఇవ్వకండి. రోజంతటికీ సరిపడా మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్లిపోతుంది.

అక్క: ఇప్పుడు ముందు టిఫిన్. గుడ్డు వేసిన దోశో, నెయ్యి వేసిన పెసరట్టో కడుపునిండా తిన్నాకే టాబ్లెట్. మధ్యాహ్నం డబ్బా గురించి పోట్లాడటం మానేశా. చిన్న డబ్బా కొన్నా. రెండు ముద్దల పెరుగన్నం, నాలుగు ఖర్జూరాలు. అవి తింటే చాలు. అసలు తిండి సాయంత్రం. ఐదింటికి చపాతీ, పాలు. ఎనిమిదికి అన్నం. పడుకునే ముందు అడిగితే మళ్లీ పెడతా. మొదట్లో అత్తమ్మ 'రాత్రి తొమ్మిదిన్నరకు గిన్నెలు ముందేసుకుని కూర్చునుడేంది' అనేది. ఆకలి అప్పుడే తిరిగొస్తుంది అత్తమ్మా అని చెప్పా. ఇప్పుడు ఆమే కలిపి పెడుతోంది.

తమ్ముడు: బరువు మళ్లీ వచ్చిందా?

అక్క: ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు 28. ఎత్తు కూడా రాసుకుంటున్నా.

తమ్ముడు: అది ముఖ్యం. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పదేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు మూడు నెలలకోసారి బరువు, ఆరు నెలలకోసారి ఎత్తు చూడాలి. డోసు మార్చినప్పుడల్లా బీపీ, నాడి చూడాలి. ఎందుకంటే అమెరికాలో ఎంటీఏ అనే పెద్ద అధ్యయనం జరిగింది, 579 మంది పిల్లలతో. అందులో మాత్రలు కొత్తగా మొదలుపెట్టి మానకుండా వాడిన పిల్లలు మూడేళ్లలో, వాడని పిల్లల కన్నా సుమారు 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. చార్టులో గీత ఎటు పోతోందో చూస్తూ ఉంటే డాక్టర్ డోసు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు, కొందరికి వేసవి సెలవుల్లో కొన్నాళ్లు ఆపమనీ చెప్పొచ్చు. చూడకపోతే ఇవేవీ జరగవు.

అక్క: నిద్ర గురించి కూడా చెప్పనా? ఆదివారం లేటుగా లేచాడని పదిన్నరకు టాబ్లెట్ ఇచ్చా. అర్ధరాత్రి ఒంటిగంటకు కూడా కళ్లు తెరుచుకునే ఉన్నాడు. అప్పటి నుంచి ఎనిమిది దాటితే ఆ రోజు ఏం చేయాలో డాక్టర్ గారినే ముందుగా అడిగి రాయించుకున్నా. ఆయన ఇంకో మంచి ప్రశ్న వేశారు. టాబ్లెట్ మొదలుపెట్టక ముందు ఎన్నింటికి పడుకునేవాడు అని. నాకు గుర్తులేదు. ఎవరైనా ఇప్పుడు మొదలుపెట్టబోతుంటే ముందు రెండు వారాలు నిద్ర, తిండి ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆ తర్వాత ఏది టాబ్లెట్ వల్ల, ఏది ముందే ఉందో తెలుస్తుంది.

తమ్ముడు: అక్కా, నువ్వు ఫోన్‌లో నాతో చెప్పి ఏడ్చావే, ఆ ఆదివారం సంగతి. చెప్తావా?

అక్క: చెప్తా. ఈ ఎపిసోడ్‌కు ఒప్పుకున్నదే దానికోసం. డోసు 10 నుంచి 20 మిల్లీగ్రాములకు పెంచారు. ఆ వారం ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. టీచర్ డైరీలో 'చాలా మారాడు' అని రాశారు. అత్తమ్మ పక్కింటావిడతో 'ఎంత బుద్ధిమంతుడైండో చూడు' అంది. ఆదివారం మీ బావ చికెన్ తెచ్చాడు. మామూలుగా మసాలా వాసన రాగానే వీడు వంటింట్లోకి వచ్చి గిన్నెల మీద చెంచాతో దరువేస్తాడు. నేను కసురుతా, వాడు ఇంకా గట్టిగా వేస్తాడు. ఆ రోజు కూర ఉడికిపోయింది, వాడు రాలేదు. వెళ్లి చూస్తే సోఫాలో కూర్చుని ఉన్నాడు. టీవీ లేదు, చేతిలో బొమ్మ లేదు. కర్టెన్ అంచు రెండు వేళ్ల మధ్య పెట్టుకుని రుద్దుతున్నాడు. 'ఏం నాన్నా' అంటే, 'లోపల ఏం అనిపిస్తలేదమ్మా' అన్నాడు.

తమ్ముడు: (కాసేపు ఆగి) ఇంట్లో ఇంకెవరికీ తేడా అనిపించలేదా?

అక్క: అనిపించదురా. ఆకలి తగ్గితే డబ్బా చెప్తుంది. నిద్ర తగ్గితే కళ్ల కింద కనిపిస్తుంది. పిల్లాడు నిశ్శబ్దమైపోతే ఎవరు కంప్లైంట్ చేస్తారు? అందరికీ హాయిగా ఉంటుంది. నాక్కూడా మొదటి నాలుగు రోజులు హాయిగానే ఉంది, అది ఒప్పుకోవాలి. సోమవారం ఫోన్ చేస్తే డాక్టర్ గారు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. అలా మొద్దుబారినట్టు అయిపోతే డోసు వాడికి ఎక్కువైందని గుర్తు, తగ్గిద్దాం అన్నారు. 15కి తగ్గించారు. గురువారం సాయంత్రానికి గిన్నెలు మోగాయి.

తమ్ముడు: స్కూల్లో ఏమన్నారు?

అక్క: మళ్లీ కదులుతున్నాడేంటి అని టీచర్ అడిగారు. ఆమె క్లాసులో 45 మంది. ఆమె ఇబ్బంది నాకు తెలుసు. కూర్చోబెట్టి చెప్పా: పాఠం వింటున్నాడా, హోంవర్క్ పూర్తి చేస్తున్నాడా చూడండి మేడం, కాలు ఊపితే ఊపనివ్వండి. ఇప్పుడు మొదటి బెంచీలో చివర కూర్చోబెట్టి, బోర్డు తుడవడం వాడికే అప్పగించారు. సరే, నీ సంగతి చెప్పు.

తమ్ముడు: నాకు మొదట ఇచ్చింది అటొమాక్సెటిన్. అది వేరే రకం, పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరగడుపున వేసుకుని ఆఫీసుకు బయల్దేరేవాణ్ని. మెట్రోలో వికారం, నోరు పిడచగట్టుకుపోవడం. పదో రోజున ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. తర్వాత తెలిసింది, తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ వికారం తగ్గుతుందని. ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. రెండు నెలల తర్వాత మళ్లీ వెళితే మిథైల్ ఫెనిడేట్ ఇచ్చారు.

అక్క: అమ్మ మీద అరిచింది అప్పుడేనా?

తమ్ముడు: అప్పుడే. నేను రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్‌కు ఎల్బీనగర్ రైలు మారతాను. అక్కడికి వచ్చేసరికి ఆరు. పొద్దున వేసుకున్న మాత్ర సరిగ్గా అప్పుడే దిగిపోతుంది. ఆ మెట్ల మీద జనం, భుజానికి తగిలే బ్యాగులు, చెవిలో అనౌన్స్‌మెంట్లు. అన్నీ ఒక్కసారి మీద పడ్డట్టు ఉంటుంది. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి 'తిన్నావారా' అంది. ఆ ఒక్క మాటకి ప్లాట్‌ఫాం మీద నిలబడి అరిచాను. అమ్మ ఫోన్ పెట్టలేదు. అలాగే పట్టుకుని ఉంది. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా వినిపిస్తుంది.

అక్క: దానికి పేరుందన్నావు.

తమ్ముడు: రీబౌండ్ అంటారు. మందు ప్రభావం దిగిపోయే గంటలో చిరాకు, ఏడుపు, అలసట ముంచుకొస్తాయి. చిన్నోడు ఐదింటికి షూ లేసు ముడి పడిందని వెక్కి వెక్కి ఏడ్చేవాడన్నావే, అదీ ఇదే అయి ఉండొచ్చు. నా విషయంలో, మధ్యాహ్నం తినకపోవడం కూడా తోడైంది. ఇప్పుడు ఒంటిగంటకు, నాలుగున్నరకు అలారం. ఆకలి ఉన్నా లేకపోయినా రెండు ఉడికించిన గుడ్లో, ఉప్మానో తింటాను. ఆరు నుంచి ఏడు దాకా ఎవరితోనూ ముఖ్యమైన మాటలు మాట్లాడను. అమ్మకు ఎనిమిదికి నేనే చేస్తాను. డాక్టర్ ఇంకొంచెం ఎక్కువసేపు పనిచేసే మాత్రకు మార్చారు. కొందరికి సాయంత్రం చిన్న డోసు జోడిస్తారట, అది ఆయన నాకు వద్దన్నారు, నిద్ర చెడుతుందని.

అక్క: చాయ్?

తమ్ముడు: అదే పెద్ద త్యాగం. రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు తాగేవాణ్ని. మాత్ర మొదలుపెట్టాక కుర్చీలో కదలకుండా కూర్చున్నా నాడి 112. ఈ మందు ఎలాగూ నాడిని, బీపీని కాస్త పెంచుతుంది, పైన కెఫీన్ తోడైతే దడ మామూలే. ఇప్పుడు పొద్దున ఒక్కటే. దడ పోయింది. మూడింటికి వచ్చే తలనొప్పి మాత్రం నీళ్లు తాగకపోవడం వల్లే. ఎండాకాలంలో దాహం కూడా గుర్తుండదు, సీసా కళ్లెదురుగా ఉండాలి.

అక్క: మందు దొరకడం గురించి చెప్పు. దాంతో నేను చాలా తిరిగా.

తమ్ముడు: మిథైల్ ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది. ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. దానికి వేరే లైసెన్స్ కావాలి, అందుకే అన్ని మెడికల్ షాపుల్లో ఉండదు. ఒకసారి కోఠిలో మూడు షాపులు తిరిగాను. ఒక చోట కౌంటర్ దగ్గర అబ్బాయి కాగితం చూసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. అవమానంగా అనిపించింది. కానీ ఆ నిబంధన అతను పెట్టింది కాదు. ఇప్పుడు పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే ఫోన్ చేసి, ఉందని తెలిశాకే వెళ్తాను. మందు లేక నాలుగు రోజులు గడపడం కన్నా అది నయం.

అక్క: వెంటనే డాక్టర్‌కు చెప్పాల్సినవి కూడా చెప్పేయ్.

తమ్ముడు: ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, లేనివి కనిపించడం లేదా వినిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు. అటొమాక్సెటిన్ వాడేవాళ్లకు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా సరే. వీటికి తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండె ఆగి చనిపోయి ఉంటే మొదలుపెట్టక ముందే చెప్పండి. నిద్ర కోసం, టిక్స్ కోసం, అంటే ఆపుకోలేకుండా పదేపదే వచ్చే కదలికల కోసం, కొందరికి క్లోనిడిన్ అనే మందు ఇస్తారు, దాన్ని హఠాత్తుగా మానేస్తే బీపీ ఒక్కసారి పెరిగిపోతుంది, సొంతంగా ఆపొద్దు. మనసు బాగోలేక మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అక్క: నాకూ ఒకటి ఉందిరా, శనివారం అడగాల్సింది. రెండు వారాలుగా చిన్నోడు కళ్లు గట్టిగా ఆర్పుతున్నాడు. చదివేటప్పుడు ఎక్కువ.

తమ్ముడు: ఆపమని అన్నావా?

అక్క: ఒకసారి అన్నా. ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు అనట్లేదు. టాబ్లెట్ వల్లా, ట్యాబ్ చూడటం వల్లా, కళ్లద్దాలు కావాలా, నాకు తెలీదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో ఇలాంటివి మందు లేకపోయినా వచ్చి పోతుంటాయని మొదటి రోజే డాక్టర్ గారు చెప్పారు. అందుకే కంగారుపడి టాబ్లెట్ ఆపలేదు. ఏ టైంలో ఎన్నిసార్లో రాస్తున్నా. వాడికి తెలియకుండా వీడియో కూడా తీశా, అక్కడికి వెళ్లాక పిల్లలు మామూలుగా కూర్చుంటారు కదా, డాక్టర్‌కు ఏం కనిపిస్తుంది?

తమ్ముడు: ఏదీ, చూపించు.

అక్క: నలభై సెకన్లే. లెక్కల హోంవర్క్ చేస్తున్నాడు. ఇదిగో, ఇక్కడి నుంచి చూడు.