బొమ్మల కరపత్రం, రుజువు లేని నింద

అందరికీ నమస్కారం. రైల్వే ప్లాట్‌ఫారం మీద సువార్త కరపత్రం చేతికి రానివాళ్లు మనలో తక్కువే. ఆ కరపత్రాన్ని జేబులో పట్టే బొమ్మల కథగా మార్చి ప్రపంచమంతా తిప్పిన మనిషి జాక్ చిక్. 1924లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, 2016లో పోయాడు. చైనాలో కమ్యూనిస్టులు బొమ్మల పుస్తకాలతో జనాన్ని తిప్పుకున్నారని విని, తానూ ఆ దారి పట్టాడు.

బాగా పేరొచ్చింది 1964 నాటి ‘దిస్ వాజ్ యువర్ లైఫ్’. కలిగినవాడొకడు ఉన్నట్టుండి చనిపోతాడు. దేవదూత పైకి తీసుకుపోయి, వాడి బతుకంతా తెర మీద సినిమాలా వేసి చూపిస్తాడు. చర్చిలో కూర్చుని ఆట స్కోరు గురించి ఆలోచించడం కూడా అందులో ఉంటుంది! సింహాసనం మీద దేవుడికి ముఖం ఉండదు. రక్షణ పొందినవాళ్ల పేర్లుండే జీవగ్రంథంలో వాడి పేరు లేదు, ఇక అగ్నిగుండమే. వెంటనే అదే మనిషి పశ్చాత్తాపపడి ఉంటే ఏమయ్యేదో చిక్ చూపిస్తాడు. నమ్మినా నమ్మకపోయినా మధ్యలో ఆపలేం. చిక్ ప్రతిభను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

నా అభ్యంతరమల్లా ఆ ప్రతిభను పక్కవాడి మతం మీదకు ఉసిగొల్పడం గురించే. 1979లో చిక్ వేసిన ‘అల్బెర్టో’ అనే బొమ్మల పుస్తకం వచ్చింది. తాను ఒకప్పుడు జెజూయిట్ అనే క్యాథలిక్ సన్యాసి సంఘంలో ఫాదర్‌నని, ప్రొటెస్టంట్ సంఘాలను లోపలినుంచి కూల్చడానికి పోప్ పీఠమైన వాటికన్ తనను పంపిందని అల్బెర్టో రివేరా చెప్పుకున్న కథ అది. ఫ్రెడ్ కార్టర్ అనే నల్లజాతి చిత్రకారుడు రంగుల్లో ఎంత సహజంగా గీశాడంటే, చదివేవాళ్లకు చరిత్ర పుస్తకమే అనిపిస్తుంది. ఆయన పేరు మాత్రం పాఠకులకు చాలాకాలం తెలియలేదు.

ఈ కథను నిలదీసింది ఎవరు? క్యాథలిక్కులు ఎలాగూ మండిపడ్డారు. కానీ 1981లో రివేరా గతాన్ని తవ్వితీసి అచ్చేసింది ‘క్రిస్టియానిటీ టుడే’. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం చొరవతో పుట్టిన పత్రిక, చిక్ సొంత ప్రొటెస్టంట్ శిబిరంలోది. రివేరా చెప్పినవి అబద్ధాలని రాసింది. తనవాళ్లు గంపలకొద్దీ పంచుతున్న పుస్తకం గురించి అలా రాయడానికి గుండె కావాలి. మత వివాదాల చరిత్రలో నాకు అన్నిటికంటే గౌరవం ఆ వ్యాసం మీదే.

చిక్ వెనక్కి తగ్గలేదు. క్రైస్తవ పుస్తక విక్రేతల సంఘం నుంచే బయటికొచ్చేశాడు. 1988 నాటి ‘ద ప్రాఫెట్’లో ఇస్లాంను కూడా వాటికనే పుట్టించిందని వేశాడు. ఆధారం మళ్లీ రివేరా మాటే. రివేరా 1997లో చనిపోయాడు. ‘అల్బెర్టో’ను చిక్ ప్రచురణ సంస్థ అమ్ముతూనే ఉంది.