నాన్న కొన్న డిస్కులు, తాళం తీసే సాఫ్ట్‌వేర్: మేక్ ఎంకేవీ, హ్యాండ్‌బ్రేక్ రివ్యూ

నమస్కారమండీ. మాట్లాడే ముందు ఈ డిస్క్ ఒకసారి చూపిస్తాను. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే అంచు వెంబడి సూదితో గుచ్చినట్టు చుక్కలు, వాటిలోంచి వెలుతురు కనిపిస్తోంది కదా? గీతలైతే పైన ఉంటాయి, గోటికి తగులుతాయి. ఇవి లోపలివి. లోపలున్న మెరిసే పొర పాడైపోతోంది. తుడిచినా పోవు, పాలిష్ పెట్టినా పోవు. కొన్ని డిస్కుల్లో ఇలాంటి చుక్క ఒకటో రెండో కొన్ననాటి నుంచే ఉంటుంది, దానికి కంగారుపడక్కర్లేదు. కానీ ఈ డిస్క్ పోయిన సంక్రాంతికి మొత్తం ఆడింది. ఈ సంక్రాంతికి సరిగ్గా గంటా పన్నెండు నిమిషాల దగ్గర ఆగిపోయింది.

అంచు పాడైతే సినిమా చివర్లో కదా ఆగాలి, మధ్యలో ఎందుకు ఆగింది అని నాకూ అనుమానం వచ్చింది. ఇది రెండు పొరల డిస్క్. ప్లేయర్ మొదటి పొరని లోపలి నుంచి అంచు దాకా చదివి, అక్కడి నుంచి రెండో పొరని అంచు నుంచి లోపలికి చదువుకుంటూ వస్తుంది. అంటే అంచు దగ్గర ఉండేది సినిమా నడిబొడ్డు. రెండున్నర గంటల పౌరాణికంలో సగం దగ్గర ఆగిందంటే అదీ కారణం.

మా నాన్నగారు 2004లో మొదలుపెట్టి ఇలాంటివి 180 దాకా కొన్నారు. కొన్ని కోఠిలో, కొన్ని రాజమండ్రిలో, కొన్ని అన్నయ్య అమెరికా నుంచి వచ్చినప్పుడల్లా తెచ్చినవి. ఒకప్పుడు ఒక్కో డీవీడీకి రెండు మూడు వందలు పెట్టారు. తర్వాత మోజర్ బేర్ వాళ్లు 34 రూపాయలకే డీవీడీ అమ్మడం మొదలుపెట్టాక సంచుల్లో తెచ్చారు. వాటిలో చాలా సినిమాలు ఇప్పుడు ఏ ఓటీటీలోనూ లేవు. యూట్యూబ్‌లో ఉన్నా సగం పాటలు కత్తిరించి, మూలన పెద్ద లోగో వేసి ఉంటాయి. అందుకే మూడు వారాలుగా కూర్చుని ఈ డిస్కులన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. ఆ పనిలో ఏ సాఫ్ట్‌వేర్ నిలబడింది, ఏది నిలబడలేదు, అదే ఈ వీడియో.

డిస్క్ కంప్యూటర్‌లో పెట్టి ఫైల్ కాపీ చేసుకుంటే పోలేదా అంటారేమో. వీసీడీకి అలాగే పోయేది. వీసీడీలో ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్ తెరిచి, డాట్ (.dat) ఫైల్ లాగి పక్కన పడేస్తే సినిమా వచ్చేసేది. దానికి తాళమే లేదు. మీ పెళ్లి డీవీడీకి కూడా ఉండదు, ఫొటో స్టూడియో వాళ్లు మామూలు ఖాళీ డిస్క్ మీద రాసి ఇచ్చిందే కాబట్టి. దయచేసి ఈ వీడియో అయ్యాక ముందు దాన్ని కాపీ చేసుకోండి. ఇంట్లో రాసిన డిస్కులు కంపెనీలో అచ్చేసిన డిస్కుల కన్నా ముందు పోతాయి.

తాళం వేసిన కంపెనీ డీవీడీ సంగతి వేరు. ఆ ఫైల్ లాగి పెట్టుకుంటే వస్తుంది, కానీ ఆడిస్తే ఇదిగో ఇలా ఉంటుంది. ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లు, మధ్యలో హీరో ముఖం ముక్క, గరగరమనే శబ్దం. దీనికి కారణం సీఎస్ఎస్ అనే తాళం. డేటాని కలగాపులగం చేసి రాస్తారు. దాన్ని సరిచేసే తాళంచెవులు డిస్క్ మీదే, సినిమా మొదలవకముందు ఉండే లోపలి వలయంలో దాచిపెడతారు. ఆ వలయాన్ని మనం కొనే ఖాళీ డీవీడీ మీద రాయడానికి వీలుండదు. లైసెన్స్ తీసుకున్న ప్రతి ప్లేయర్ కంపెనీకి ఒక తాళంచెవి ఇస్తారు. అది ఉన్న పెట్టె మాత్రమే డిస్క్‌ని తెరవగలదు.

ఈ తాళంచెవి పొడవు 40 బిట్లే. 1990ల్లో అమెరికా ప్రభుత్వం అంతకన్నా గట్టి ఎన్‌క్రిప్షన్‌ని బయటి దేశాలకి ఎగుమతి చేయనిచ్చేది కాదు. దానికి తోడు జింగ్ అనే కంపెనీ తన ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో తాళంచెవిని సరిగ్గా దాచలేదు. 1999 అక్టోబర్‌లో ఈ తాళాన్ని తీసే డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాని వెనకున్న వాళ్లలో ఒకడు నార్వే కుర్రాడు, జాన్ లెక్ జొహాన్సెన్. అప్పటికి పదిహేనేళ్లు. సినిమా కంపెనీల ఫిర్యాదు మీద పోలీసులు ఇల్లు సోదా చేశారు, కేసు పెట్టారు. 2003 జనవరిలో ఓస్లో కోర్టు నిర్దోషి అంది. అప్పీల్‌కి వెళ్తే అదే ఏడాది డిసెంబర్‌లో మళ్లీ నిర్దోషి అంది. డబ్బు పెట్టి కొన్న డిస్క్‌ని తనకి నచ్చిన పరికరంలో చూసుకునే హక్కు అతనికి ఉంది అన్నది ఆ తీర్పులో సారాంశం. ఈ పెట్టె ముందు కూర్చుని పని చేస్తున్నన్ని రోజులూ నాకు ఆ మాటే గుర్తొస్తోంది.

అమెరికాలో మాత్రం కథ అడ్డం తిరిగింది. 321 స్టూడియోస్ అనే కంపెనీ డీవీడీ ఎక్స్ కాపీ అనే సాఫ్ట్‌వేర్‌ని డబ్బాలో పెట్టి షాపుల్లో అమ్మింది. 2004లో కోర్టు ఆపమంది, ఆ ఏడాదే కంపెనీ మూతపడింది. డీవీడీ డిక్రిప్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2005లో ఆగిపోయింది. రియల్ నెట్‌వర్క్స్ లాంటి పెద్ద కంపెనీ రియల్ డీవీడీ అని తెచ్చింది. అది కాపీ మీద మళ్లీ తన తాళం వేసి, పంచుకోవడానికి వీలు లేకుండా చేసింది కూడా. అయినా 2009లో కోర్టు అమ్మకం ఆపించింది, తర్వాత 45 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. ఎనీడీవీడీ చేసిన స్లైసాఫ్ట్ 2016లో మూతపడింది. దొంగ డిస్కులు అచ్చేసి ఫుట్‌పాత్ మీద అమ్మినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా ఈ తాళం దగ్గర ఆగలేదు. ఆగింది ఇంట్లో బీరువా నిండా అసలు డిస్కులు పెట్టుకున్న మా నాన్నలాంటి వాళ్లే. నాకు బాధ కలిగించేది అదే.

సరే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లోకి వస్తున్నాను. ముందు మేక్ ఎంకేవీ. విండోస్, మాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. డీవీడీల వరకు ఉచితం. బ్లూరే కావాలంటే ట్రయల్ 30 రోజులు, తర్వాత కొనాలి. ఇంకా బీటాలోనే, అంటే పరీక్ష దశలోనే ఉంది కాబట్టి తయారుచేసినవాళ్లే ఎప్పటికప్పుడు ఒక తాత్కాలిక కీ ఉచితంగా ఇస్తుంటారు.

తెరుస్తున్నాను, చూడండి. డిస్క్ పెట్టగానే మధ్యలో పెద్ద డ్రైవ్ బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కాలి. అరనిమిషం డ్రైవ్ గిర్రున తిరుగుతుంది. తర్వాత ఎడమవైపు డిస్క్‌లో ఏమేం ఉన్నాయో చెట్టులాగా విప్పి చూపిస్తుంది. ఇది నాన్న తెచ్చిన మూడు సినిమాల డిస్క్. మూడూ విడివిడిగా, ఒక్కోటి ఎంత సైజో, ఎన్ని ఛాప్టర్లో చూపిస్తోంది. రెండు నిమిషాల కన్నా చిన్న ముక్కల్ని అదే వదిలేస్తుంది కాబట్టి కంపెనీ ప్రకటనలు, లోగోలు జాబితాలోకి రావు. కావలసిన సినిమాకి టిక్ పెట్టి కుడివైపు బటన్ నొక్కితే అంతే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇది బొమ్మని మళ్లీ నలపదు. తాళం తీసి, ఉన్న వీడియోని ఉన్నట్టుగా, శబ్దాన్ని ఉన్నట్టుగా ఎంకేవీ అనే కొత్త డబ్బాలో సర్దుతుంది. ఒక్క చుక్క క్వాలిటీ పోదు. నా డ్రైవ్‌లో ఒక డీవీడీకి పదిహేను నుంచి ఇరవై నిమిషాలు పట్టింది. ఛాప్టర్లు కూడా అలాగే ఉంటాయి. మన డీవీడీల్లో పాట ఒక్కోటి ఒక్కో ఛాప్టర్‌గా పెట్టేవాళ్లు కదా, రిమోట్ నొక్కితే నేరుగా పాటకి వెళ్లడం ఇప్పటికీ పనిచేస్తోంది. అమ్మకి అది ఉంటే చాలు.

పోయేది మెనూ. డిస్క్ పెట్టగానే వెనక సంగీతం వస్తూ, సినిమా, పాటలు, సన్నివేశాలు అని తిరిగే ఆ మొదటి తెర రాదు. దాని మీద మమకారం ఉన్నవాళ్లు డిస్క్ మొత్తాన్ని ఫోల్డర్‌గా బ్యాకప్ తీసుకోవాలి. ఇక ఫైల్ సైజు. రెండు పొరల డీవీడీ 8.5 జీబీ పడుతుంది, సినిమా ఒక్కటే తీసినా ఆరేడు జీబీ. 180 డిస్కులకి నాకు పెద్ద హార్డ్ డిస్కే దగ్గరదగ్గర నిండిపోయింది. పేర్లు కూడా మీరే పెట్టుకోవాలి, లేకపోతే ఏ ఫైల్ ఏ సినిమానో నెల తర్వాత తెలియదు.

ఇంకో మాట. నా దగ్గరున్న తెలుగు డిస్కుల్లో చాలావాటికి అసలు తాళమే లేదు, నేరుగా తెరుచుకున్నాయి. గట్టిగా తాళాలు వేసి ఉన్నవి ఎక్కువగా అన్నయ్య తెచ్చిన అమెరికా డిస్కులే. వాటితో రీజియన్ గొడవ కూడా ఉంది, అంటే ఒక ప్రాంతం కోసం చేసిన డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా కట్టడి. అమెరికా డీవీడీలు రీజియన్ 1, మనది రీజియన్ 5. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లు మాత్రమే మార్చుకోనిస్తుంది, ఐదోసారి పెట్టింది శాశ్వతం. చాలామంది ఇక్కడ తెలియక చిక్కుకుంటారు. అమెరికా డిస్కులు ఎక్కువున్నవాళ్లు రెండు పాత డ్రైవ్‌లు పెట్టుకుని ఒకదాన్ని వాటికే వదిలేయడం మంచిది.

రెండోది హ్యాండ్‌బ్రేక్. ఇది పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. 2003లో మొదలై, 1.0 వెర్షన్ అని పేరు పెట్టుకోవడానికి 2016 డిసెంబర్ దాకా ఆగారు. అంత ఓపిగ్గా చేసిన సాఫ్ట్‌వేర్ ఇది. దీనికి తాళం తీయడం రాదు, అది దీని పనే కాదు. మేక్ ఎంకేవీ తీసిన పెద్ద ఫైల్‌ని ఇది చిన్నది చేస్తుంది. ఏడు జీబీ సినిమా నాకు జీబీన్నరకి వచ్చింది.

ఇక్కడ ఒక్క సెట్టింగ్ చూపిస్తాను. ఈ పాటలో డాన్సర్ చెయ్యి ఊపినప్పుడు ఆగండి. చెయ్యి అంచున దువ్వెన పళ్లలాగా అడ్డగీతలు కనిపిస్తున్నాయా? పాత టీవీల కోసం బొమ్మని సరి గీతలు, బేసి గీతలుగా విడగొట్టి రాసినందువల్ల వస్తుంది. మన తెలుగు డీవీడీల్లో ఇది చాలా ఎక్కువ. ఫిల్టర్స్‌లోకి వెళ్లి డీకాంబ్ పెట్టండి. ఇప్పుడు చూడండి, చెయ్యి చెయ్యిలాగా ఉంది. క్వాలిటీ నంబర్ డీవీడీకి 18 నుంచి 20 మధ్య ఉంచండి. నంబర్ తగ్గేకొద్దీ బొమ్మ మెరుగవుతుంది, సైజు పెరుగుతుంది. అసలు ఫైల్‌ని మాత్రం పారేయకండి.

డీవీడీ ష్రింక్ గురించి చాలామంది అడుగుతారు. ఒకప్పుడు 8.5 జీబీ డిస్క్‌ని 4.7 జీబీ ఖాళీ డిస్క్‌లోకి కుదించడానికి అది దేవుడిచ్చిన వరం. ఇప్పుడు ఖాళీ డిస్క్ మీద రాసేవాళ్లే లేరు, దాన్ని దాటేయండి. కాపీ అక్కర్లేదు, చూస్తే చాలు అంటే వీఎల్‌సీ ప్లేయర్ ఒక్కటి చాలు. దాంట్లో తాళం తీసే ప్రోగ్రాం ముక్క ఉంది, డిస్క్ పెట్టి ఆడించుకోవడమే.

బ్లూరే గురించి కొంచెమే చెప్తాను, మా ఇంట్లో ఉన్నవి తొమ్మిది. అక్కడ తాళం పేరు ఏఏసీఎస్, 128 బిట్లది. బయటపడిన తాళంచెవులని కొత్త డిస్కుల్లో రద్దు చేసే ఏర్పాటు ఉంది. అందుకే నిన్న పనిచేసిన సాఫ్ట్‌వేర్ కొత్త డిస్క్ దగ్గర ఆగుతుంది, అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి. కొన్నింట్లో సినేవియా అని శబ్దంలోనే కలిపేసిన గుర్తు కూడా ఉంటుంది. తాళం తీసినా అది పోదు, అలాంటి కాపీని కొత్త బ్లూరే ప్లేయర్‌లో ఆడిస్తే కాసేపటికి శబ్దం ఆగిపోతుంది.

ఇప్పుడు చట్టం. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ అనే సెక్షన్ చేర్చారు. హక్కులని ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఉద్దేశం అనే మాట అందులోనే ఉంది. సొంత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగానికి సెక్షన్ 52లో చోటుంది. అద్దెకి తెచ్చిన డిస్క్, స్నేహితుడి డిస్క్ కాపీ చేసినా, తీసిన ఫైల్ టెలిగ్రాంలో పెట్టినా అది సొంత వాడకం కాదు, నేను దానికి సాయం చేయను. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళం తీయడాన్నే తప్పంటుంది. మూడేళ్లకోసారి మినహాయింపులు ఇస్తారు, ఇంట్లో బ్యాకప్‌కి మాత్రం ఇంతవరకు ఇవ్వలేదు.

నా మాట: డీవీడీలే ఉంటే మేక్ ఎంకేవీతో తీసి, అసలు ఫైల్ దాచి, ఫోన్‌లోకి కావలసినవి హ్యాండ్‌బ్రేక్‌తో తగ్గించుకోండి. బ్లూరేలు ఇరవై ముప్ఫై దాటితే డబ్బు పెట్టి కొనండి, వాళ్ల శ్రమకి అది న్యాయం. ఆలస్యం మాత్రం చేయకండి. అమెరికాలో వార్నర్ బ్రదర్స్ వాళ్లే 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని పాడవుతున్నాయని ఒప్పుకుని డిస్కులు మార్చి ఇస్తామన్నారు. మన సినిమాలకి అలా మార్చి ఇచ్చేవాళ్లెవరు? వాటిని వేసిన కంపెనీలు చాలావరకు ఇప్పుడు లేవు.

180లో 171 పూర్తిగా వచ్చాయి. ఎనిమిది అక్కడక్కడ ఎగురుతూ వచ్చాయి. మొదట చూపించిన ఈ డిస్క్ రాలేదు. మూడు డ్రైవ్‌లు మార్చాను. ఒక పాత డ్రైవ్ మాత్రం ఇంకో నాలుగు నిమిషాలు ముందుకి చదివి ఆగింది. ఆ నాలుగు నిమిషాలు నాన్న రెండుసార్లు చూశారు. దీని కవర్ ఫొటో, వెనక ఉన్న నంబర్ కింద డిస్క్రిప్షన్‌లో పెడుతున్నాను. కాపీ వద్దు. మీ ఇంట్లో ఈ అసలు డిస్క్ ఉండి, అమ్మే ఉద్దేశం ఉంటే కామెంట్‌లో చెప్పండి, వచ్చి కొనుక్కుంటాను.