నాటు యంత్రం ఎవరి చేతికి?

శ్రోతలకు నమస్కారం.

వరి ఊడ్పులన్నా నాట్లన్నా మన పల్లెల్లో అది ఆడవాళ్ల పని. ఎకరం చేతితో నాటాలంటే పది పన్నెండు మంది ముఠా పొద్దంతా నడుం వంచాలి. అదే పొలంలోకి యంత్రం దిగితే మాత్రం పిడి దగ్గర ఎక్కువగా మగవాళ్లే కనిపిస్తారు. ముఠాలో ఇద్దరు ముగ్గురికే పని మిగులుతుంది, అదీ యంత్రం వదిలేసిన ఖాళీల్లో నారు గుచ్చే పని. నడిపే మనిషికి చాలాచోట్ల ఎకరాల లెక్కన డబ్బు, ఖాళీలు నింపే మనిషికి రోజు కూలి. ఒకే రకం పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. పనినే రెండుగా చీల్చి ఇది మగపని, అది ఆడపని అని పేరు పెడితే ఆ నియమం అక్కరకు రాదు. 2022-23 శ్రామిక సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లో పనిచేసే స్త్రీలలో నూటికి 76 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. యంత్రం వస్తే వీళ్ల సంగతేమిటని వ్యవసాయ శాఖలూ, మనమూ గట్టిగా అడగాలి.

అసలు యంత్రంతో నాటడంలో నేర్పు ఎక్కడుంది? సగానికి సగం నారు పెంచే ట్రేలలోనే ఉంది. జల్లెడ పట్టిన మట్టి నాలుగు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి ట్రేలో రెండు సెంటీమీటర్ల మందాన సర్దాలి. విత్తనం 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి, అంటే తడి గోనెలో మూటగట్టి, మొలక తెల్లగా పొడుచుకు రాగానే చల్లాలి. ఆలస్యమైతే మొలకలు ఒకదానికొకటి చిక్కుకుని గింజ సమంగా పడదు. ట్రేకు 100 నుంచి 120 గ్రాముల విత్తనం, ఎకరానికి 80 నుంచి 100 ట్రేలు. గింజ పలుచగా పడితే నారు పట్టి నాటే యంత్రం కొక్కేలకు, అంటే దాని వేళ్లకు నారు అందదు, కుదుళ్లు తప్పుతాయి. మరీ చిక్కనైతే నారు బలం లేకుండా సాగుతుంది. మట్టిలో ఒక్క రాయి మిగిలినా ఆ వేళ్లు వంగిపోయి ఒక వరుస మొత్తం ఖాళీగా పోతుంది. 15 నుంచి 18 రోజులకు నారు వేర్లు అల్లుకుని నారు చాపలా చుట్టడానికి వస్తుంది. చాప తడి ఎక్కువైతే చిరుగుతుంది, బాగా ఎండితే యంత్రంలో కిందికి జారదు.

ఇదంతా చేసేది ఎక్కువచోట్ల ఆడవాళ్లే, రోజు కూలికే. ట్రే లెక్కన డబ్బు ఇస్తే ఈ నేర్పుకు విలువ దక్కుతుంది. మహిళా పొదుపు సంఘం ట్రే నారు పెంచి అమ్మితే ఇంకా మంచిది.

పొలంలోకి వద్దాం. దమ్ము చేశాక బురద పేరుకోవడానికి ఒకటి రెండు రోజులు ఆగాలి, బరువు నేలల్లో ఇంకాస్త ఎక్కువ. వేలితో గీత గీస్తే అది మెల్లగా పూడుకోవాలి. గీసిన వెంటనే పూడితే ఇంకా సమయం కాలేదని అర్థం. అప్పుడు దిగితే యంత్రం అడుగు పలకలు బురదను పక్కకు నెట్టి, నాటిన నారును కప్పేస్తాయి. నీరు రెండు సెంటీమీటర్లు దాటితే నారు తేలిపోతుంది. ఏళ్ల తరబడి అదే బురదలో నాటిన స్త్రీలు కాలు పెట్టగానే ఇది చెప్పగలరు. యంత్రం నడపడానికి వీళ్లకంటే తగినవాళ్లు ఎవరు?

బలం కావాలి కదా అంటారు. కూర్చుని నడిపే ఆరు, ఎనిమిది వరుసల యంత్రాల్లో చాలావాటికి తాళం తిప్పితే ఇంజిను స్టార్టవుతుంది. నడుస్తూ తోలే నాలుగు వరుసల రకానికి తాడు లాగాలి, కానీ అదీ ఒడుపుతో చేసే పని. ముందు మెల్లగా లాగి, బిగువు తగిలాక ఒక్కసారి గుంజాలి. గట్టు దగ్గర చాలామంది చేసే తప్పు, నాటే భాగాన్ని పైకి ఎత్తకుండా తిప్పడం. ముందు లీవరుతో ఎత్తి, తర్వాత తిరగాలనుకునే వైపు క్లచ్ నొక్కితే యంత్రం తనే తిరుగుతుంది. నిజమైన ప్రమాదం బట్టతో. చీర కుచ్చిళ్లు, పైట చక్రంలో పడవచ్చు. చీరపైన చొక్కా తొడుక్కుంటే సరిపోదు, ప్యాంటు కూడా వేసుకోవాలి. ఆ బట్టలు శిక్షణతోపాటే ఇవ్వాలి.

అసలు అడ్డంకి కాగితం. వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో మహిళా రైతుకు 50 శాతం వరకు రాయితీ ఉంది. కానీ పొలం పాసు పుస్తకం భర్త పేరున ఉంటే దరఖాస్తూ ఆయన పేరునే వెళ్తుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీలు నిర్వహించే కమతాలు సుమారు 14 శాతమే. అందుకని సంఘం పేరున యంత్రం తీసుకుని అద్దెకు తిప్పే దారి మేలు. 2023 నవంబరులో ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం ఆ దారే పట్టింది. పొలానికి మందు కొట్టే డ్రోన్‌ను సంఘానికి ఇస్తారు, అందులో ఒక సభ్యురాలికి 15 రోజుల శిక్షణ ఇస్తారు. మందు కొట్టడం మగవాళ్ల పని అని ఎంత గట్టిగా అనుకున్నా, నడిపేది మహిళేనని పథకంలోనే రాసి ఉండటంతో వాదనకు చోటు లేకుండా పోయింది. నాటు యంత్రాలకూ ఇలాంటి నిబంధన రావాలి.

శిక్షణ మండల కేంద్రంలో హాలులో పెడితే ఆడవాళ్లు రాలేరు. ఊళ్లోనే, వంట పనులు తెమిలాక, పదకొండు నుంచి నాలుగు మధ్య పెట్టాలి. మొదటి రోజు ఇంజిను, నూనె, వేళ్ల బిగింపు. రెండో రోజు నారు లేకుండా పొడి నేలమీద తిప్పడం. మూడో రోజు బురదలో, చిన్న మడిలో. మొదటి అర ఎకరంలో వరుసలు వంకర పోతాయి, కుదుళ్లు తప్పుతాయి. మగవాళ్లు నేర్చుకునేటప్పుడూ అంతే. ఆ తప్పులు సొంత సంఘం పొలంలో జరిగేలా చూసుకుని, ఆ తర్వాతే ఇతర రైతుల దగ్గర ఎకరాల లెక్కన ఒప్పుకోవాలి.

సెలవు. నమస్కారం.